గీతలు పడకూడని డాన్స్ హాలు

మా కర్నూలు కల్లూరులో కొత్తగా పెట్టిన ఒక ఆడపిల్లల ప్రైవేటు స్కూలుకు ఈ రోజు మా పాపను తీసుకెళ్లాను. ఆరో తరగతిలో చేర్పిద్దామని. చదువుతో పాటు నాట్యం, సంగీతం, నాటకం నేర్పుతామని ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు మరి. నాట్యమంటే ప్రాణమిచ్చే మా పాప, గజ్జెలు కూడా సంచిలో పెట్టుకుని వచ్చింది.

ఇన్‌ఛార్జి మేడమ్ ముందుగా డాన్స్ హాలుకే తీసుకెళ్లింది. ఏసీ, గోడంతా అద్దాలు, మొహం కనబడేంత నున్నటి చెక్క ఫ్లోరు. పాప గుమ్మంలోనే కూర్చుని గజ్జెలు కట్టుకుంది. లోపల అడుగు పెట్టబోతుంటే మేడమ్ చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"వద్దు పాపా! గజ్జెలతో ఎక్కితే ఫ్లోరుకు గీతలు పడ్తాయి."

"మల్ల మీ పిల్లోళ్లు యాడ ఆడ్తారు మేడమ్?" అన్నాను.

"వెనకాల బండ్ల షెడ్డు ఉండాదమ్మా, ఆడ. ఈ హాలు పేరెంట్సుకు చూపిచ్చేకి."

ఏమాత్రం సిగ్గుపడకుండా చెప్పింది. ఏం కళాపోషణండీ!

వెళ్లి చూస్తే నిజంగానే టీచర్ల స్కూటర్ల మధ్య ఇరుక్కుని ఆడపిల్లలు అడుగులు వేస్తున్నారు. డాన్స్ టీచరు తాళం ఆపి మరీ అరిచింది: "ఏయ్, కాలు అంత ఎత్తొద్దు! గజ్జెలు తగిలి నా బండికి గీతలు పడ్తాయి!"

అడ్మిషన్ మాటెత్తకుండా షేర్ ఆటో ఎక్కేశాం. పిల్లలను ఆడనిచ్చే బడి కర్నూలులో ఎక్కడైనా ఉంటే కాస్త చెప్పండి. సాయంత్రమైంది, మా పాప ఇంకా గజ్జెలు విప్పలేదు.