దారి చెప్పని జవాబు

బళ్ళో ఆయన్ని అందరూ ‘ఎలా మాస్టారు’ అనేవాళ్ళు. ఏడో తరగతికి లెక్కలు చెప్పేవారు. ఎవరు ఏ జవాబు చెప్పినా, తప్పయినా ఒప్పయినా, సుద్దముక్క చెవిసందున పెట్టుకుని "ఎలా వచ్చింది?" అని అడిగి తీరాల్సిందే. "జవాబుదేముందమ్మా, పక్కవాడి పేపర్లోనూ దొరుకుతుంది. దారి తెలియాలి, దారి!" అని కొత్తగా చేరిన టీచర్లకు టీ చల్లారిపోయేదాకా చెప్పేవారు. ఇరవై ఏళ్ళుగా ఆ ఒక్క మాట మీదే నిలబడ్డారు. రాత్రిళ్ళు హాయిగా నిద్రపట్టేది.

ఆ నిద్రను చిటికె చెడగొట్టింది.

చిటికె అంటే తోటిపిల్లలు పెట్టిన పేరు. మాస్టారు బోర్డు మీద లెక్క రాసి ఇటు తిరిగేలోపు ఆ పిల్ల చిటికె వేసినట్టు జవాబు చెప్పేసేది. ఎప్పుడూ ఒప్పే. ఎలా వచ్చిందంటే మాత్రం బిక్కమొహం వేసేది.

"వచ్చేసింది మాస్టారూ."

"వచ్చేయడానికి అదేమన్నా తుమ్మా?"

క్లాసంతా గొల్లున నవ్వింది. పిల్ల చెప్పుల వంక చూసుకుంటూ కూర్చుండిపోయింది. పరీక్షలోనూ అంతే. జవాబులన్నీ ఉన్నాయి, స్టెప్పు ఒక్కటీ లేదు. మాస్టారు తన నియమం ప్రకారం సగం మార్కులు కోసేశారు.

తర్వాతి పరీక్షలో చిటికె స్టెప్పులన్నీ రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలు, కింద స్కేలు పెట్టి గీతలు. జవాబులు మాత్రం అన్నీ తప్పే. మాస్టారికి ఒళ్ళు మండింది. పొగరనుకున్నారు. పిలిచి నిలదీశారు.

"మీరు బోర్డు మీద చేసినట్టే చేశాను మాస్టారూ. అలా రాస్తుంటే జవాబు పారిపోతోంది" అంది. కళ్ళనిండా నీళ్ళు.

తిట్టకుండానే వెళ్ళమన్నారు.

ఇంటికెళ్ళి భార్యకు చెప్పారు. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. అప్పుడే డ్యూటీ దిగి, కాళ్ళు వేణ్ణీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చుంది.

"జబ్బు తగ్గినవాణ్ణి పట్టుకుని, ఎలా తగ్గిందో చెప్పు, లేకపోతే మళ్ళీ మంచమెక్కు అంటామా అండీ?"

"అది వేరు, ఇది వేరు."

"ఎలా వేరు?"

తన ప్రశ్న తనకే తగిలింది.

మర్నాడు క్లాసులో చిటికెతో స్టెప్పులు రాయక్కర్లేదన్నారు. ముందు బెంచీ నుంచి వెంటనే ఒక చెయ్యి లేచింది. "తనకి వద్దంటే మాకూ వద్దు మాస్టారూ!" కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందరూ రాయాల్సిందేనని అరిచి, అప్పుడే ఇచ్చిన మాట అప్పుడే వెనక్కి తీసుకున్నారు.

సాయంత్రం గంట కొట్టాక చిటికెను ఆగమన్నారు. బోర్డు మీద నలభై ఎనిమిదిలో నాలుగింట మూడు వంతులు ఎంతని రాశారు.

"ముప్పై ఆరు."

‘ఎలా’ అనబోయి, మళ్ళీ ఏడుస్తుందేమోనని, "నీకేం కనబడిందమ్మా?" అన్నారు.

పిల్ల తలుపు వంక చూసింది. "నవ్వరు కదా?"

"నవ్వను."

"మా నాన్న నడిపే బస్సులో నలభై ఎనిమిది సీట్లు మాస్టారూ. వరసకి నాలుగు. ఒక్కో వరసలో కిటికీ పక్కనున్న ఒకళ్ళని దిగమన్నాను. పన్నెండు మంది దిగిపోయారు."

మాస్టారు నవ్వలేదు. చెవిసందున ఉన్న సుద్దముక్క కోసం బల్లంతా వెతికారు.

మర్నాడు బోర్డు మీద బస్సు గీశారు. ఏడాదంతా నోరు విప్పని పిల్లలు నలుగురైదుగురు ఎగిరెగిరి జవాబులు చెప్పారు. స్టెప్పులు తప్పకుండా చేసే ముందు బెంచీ అబ్బాయి మాత్రం దిగాలుపడ్డాడు. "పరీక్షలో బస్సు గీస్తే మార్కులేస్తారా మాస్టారూ?"

"నాకు బస్సంటేనే వాంతులొస్తాయి మాస్టారూ" అంది ఇంకో పిల్ల.

మాస్టారికి తల తిరిగిపోయింది. ఒకరికి వెలుగైంది ఇంకొకరికి చీకటవుతోంది. ఇన్నేళ్ళూ తాను చూపించిన దారిలో ఎంతమంది ఇలాగే తడుముకున్నారో! అలాగని ఆ దారినే చక్కగా నడిచొచ్చినవాళ్ళు ఎంతమంది లేరు? ఏది నిజమో తేల్చుకోలేకపోయారు.

ఏడాది చివరి పేపర్లు వేరే బడివాళ్ళు దిద్దారు. చిటికె అంచుల్లో చిన్నచిన్న బస్సులు గీసి, వచ్చినన్ని స్టెప్పులు రాసింది. అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. మాస్టారు ఆ దిద్దినాయన మీద మండిపడుతూ, నిలదీద్దామని బడి గుమ్మందాకా వెళ్ళారు. ఏడాది కిందట తానైనా అన్నే వేసేవాణ్ణని గుర్తొచ్చి వెనక్కొచ్చేశారు. పిల్ల తల్లి మాత్రం ఎదురొచ్చి దణ్ణం పెట్టింది. "లెక్కల పుస్తకం చూస్తే ఏడవడం మానేసింది మాస్టారూ. మాకదే చాలు." ఆ దణ్ణం తనకు చెందుతుందో లేదో ఆయనకు తెలియలేదు.

బళ్ళు తెరిచాక కొత్త సైన్సు టీచరు పెన్ను పట్టుకుని వచ్చింది. "పెద్దమేడం మిమ్మల్నే అడగమన్నారండీ. పాఠం చెప్పడంలో మీ సిద్ధాంతం ఏంటి?"

"పోయినేడు అడిగుంటే గడగడా చెప్పేవాణ్ణమ్మా."

ఆమె హాస్యమనుకుని నవ్వింది. ఆయన నవ్వకపోయేసరికి గతుక్కుమంది.

"దారి ముందు... కాదులే. పిల్లకి ఏం కనబడుతోందో ముందు... అదీ అందరికీ పనికిరాదు" అని ఆగిపోయారు.

"మరి నన్నేం రాసుకోమంటారండీ?"

"ఏమీ రాసుకోకు. వారంపాటు నా క్లాసులో వెనక బెంచీలో కూర్చో. నేనేం చేస్తున్నానో నీకేమన్నా అర్థమైతే, కాస్త నాక్కూడా చెప్పు తల్లీ."

వారం దాటి నెలవుతోంది. ఆమె ఇంకా వచ్చి కూర్చుంటూనే ఉంది.