ద్రాక్షారసం తేరిన ఏడు

మా చర్చిలో సంస్కారపు బల్లకు ద్రాక్షారసం మా అత్తయ్య చేసేది. తొంభైల చివర్లో నేను కోడలిగా వచ్చేసరికే అది ఆవిడ పని. మొదట్లో నల్లద్రాక్షతోనే చేసేదట. చుక్క పడితే బల్లమీది తెల్లగుడ్డకు మరక వదిలేది కాదట. ఆ గుడ్డ ఉతికేదీ తనే కాబట్టి ఒక ఏడు పచ్చద్రాక్షతో చేసింది. క్రీస్తు రక్తానికి గురుతు తెల్లగా ఉంటుందా అని పెద్దలు కొందరు సణిగారట. గురుతు రంగులో లేదని అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, సర్దిచెప్పాక ఊరుకున్నారట. నేనెరిగి మా బల్లమీద తెల్లరసమే.

చిన్నప్పుడు నాకు ఉబ్బసం. మిరపకాయల కాలంలో ఊపిరాడేది కాదు, బడికి పోలేదు. అమ్మ ఇంట్లోనే బైబిలు ముందుపెట్టి అక్షరాలు నేర్పింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఎవరో ఒక ఆడమనిషి పక్కన కూర్చుని నేర్చుకున్నదే. అలాంటి ఆడవాళ్ళు దొరికినందుకు దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా చాలవు.

ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమదినాలు మొదలయ్యే ముందే ద్రాక్ష చిదిమి, పంచదార కలిపి, జాడీ మూతికి గుడ్డ కట్టేవాళ్ళం. మేం ఉపవాసాలుంటే అది లోపల తన పని తాను చేసుకునేది. చెవి ఆనిస్తే, నిద్రలో పసిబిడ్డ పెదవులు కదిపినట్టు సన్నని చప్పుడు. చప్పుడు ఆగాక రసం చూడాలి. గాజుగ్లాసులో మూడువేళ్ళ లోతు పోసి, వెనక తెల్లగుడ్డ పట్టి, పొద్దుటి వెలుగులో నిలబడాలి. మొదట తేట. గుడ్డ పోగులు రసంలోంచి కనబడాలి. బియ్యం కడుగులా ఉంటే ఇంకా తేరలేదని. తర్వాత రంగు. గ్లాసు వంచి అంచు దగ్గర చూడాలి. మెంతులు నానిన నీళ్ళలా ఉంటే మంచిది. బెల్లంనీళ్ళలా తిరిగితే గాలి తగిలి పాడైందని.

అత్తయ్య చూపుకు ఊళ్ళో పేరుంది. మిరపకాయల్లో రంగు పోయి తెల్లబారిన వాటిని తాలు అంటారు. కల్లంలో తాలు ఏరడానికి రైతులు ముందు ఆవిడకే కబురు పెట్టేవాళ్ళు. ఎర్రటి కుప్ప ముందు కూర్చుంటే ఆవిడ చెయ్యి తడుముకోవడం నేనెప్పుడూ చూడలేదు.

నాకు పెళ్ళయిన ఆరో ఏడో ఏడు. ఈస్టరుకు ఇంకా అయిదు రోజులుంది. అత్తయ్య సన్న గొట్టంతో జాడీలోంచి రసం తీసి గ్లాసులో పోసింది. కిటికీ బయట కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. గ్లాసులో ఆ ఎరుపంతా తలకిందులై, చిన్నదై, బంగారం కలిసిన నీళ్ళల్లో మునిగి ఉంది. లోకమంతా అంతేనేమో, అంత నిమ్మళంగా ఉందేమో అనిపించి అలాగే చూస్తూ ఉండిపోయాను.

"పోయింది. రంగు తిరిగింది, పారబొయ్యి" అంది అత్తయ్య.

నాకు అర్థం కాలేదు. నా కంటికి అది మెంతినీళ్ళ రంగే. ఆవిడ మళ్ళీ వంచి చూసింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ చెడలేదనీ, ఈసారి పాస్టరమ్మగారికి చెప్పి గుంటూరు నుంచి సీసా తెప్పించుకోమందామనీ అంది. గొంతులో కోపం లేదు, అవమానం ఉంది. జాడీ చెవులు పట్టుకుని దొడ్లోకి లాగబోయింది. ఆవిడ చూపుకు ఎదురుచెప్పడం నాకెప్పుడూ అలవాటు లేదు. పోనీ గుడ్డ మార్చి చూద్దామా అన్నాను.

"అదీ పసుపుపచ్చబడింది. ఈ ఏడు అన్నీ అట్టానే ఏడిశాయి."

ఆ గుడ్డ ముందురోజు నేను నీలిమందు పెట్టి ఉతికి ఆరేసింది. ఎండకు కళ్ళు చెదిరేటంత తెల్లగా ఉంది. అప్పుడు తెలిసింది నాకు. ఆ ఏడు తాలు ఏరడానికి ఆవిడ పోలేదు. మోకాళ్ళు సహకరించడం లేదంది. మోకాళ్ళు కాదు.

"గుడ్డ తెల్లగానే ఉందత్తయ్యా" అన్నాను.

ఆవిడ జాడీ వదిలేసింది. గుడ్డను ముఖానికి దగ్గరగా తీసుకుని చూసింది, దూరంగా పట్టి చూసింది. పీట మీద కూలబడింది.

"అయితే తాలు నా కళ్ళల్లోనే ఉందన్నమాట" అంది.

తర్వాత గ్లాసు నా చేతిలో పెట్టింది. "నువ్వు చూడు. నా తృప్తికి చెప్పమాక. ఉన్నదున్నట్టు చెప్పు."

గ్లాసు వెనక గుడ్డ పట్టి కిటికీ వైపు తిరిగాను. నా మాట తప్పయితే ఈస్టరు పొద్దున ఊరంతా పులిసిన నీళ్ళు తాగుతుంది. బాగుంది అనేస్తే ఆవిడ మొహం తేటపడుతుంది. కానీ చూసేకొద్దీ అడుగున పొగమంచులాంటి పొర ఒకటి కనబడింది. లోపల చిన్న ప్రార్థన చేసుకుని చెప్పాను: "రంగు మంచిదే. మెంతినీళ్ళే. కానీ మబ్బుంది. పోగులు కనబడుతున్నాయి గానీ, విడివిడిగా కనబడట్లా."

అత్తయ్య పెద్దగా ఊపిరి వదిలింది. మబ్బు ఉందన్నాకే నా మాట నమ్మిందని ఆ ఊపిరిలో తెలిసింది.

"అట్టా చెప్పు. తడిఇసకలో పెట్టి కదపమాక. ఆదివారానికి తేరుద్ది."

రోజుకు రెండుసార్లు ఇసుక తడిపాను, జాడీ జోలికి పోలేదు.

ఈస్టరు పొద్దున చర్చి తూర్పు కిటికీలోంచి ఎండ బల్లదాకా వచ్చింది. చిన్న గాజు గిన్నెలు వరుసగా వెలుగుతున్నాయి. పాట ఎక్కడో నీళ్ళ అవతల నుంచి వస్తున్నట్టుంది. అత్తయ్యా నేనూ పక్కపక్కన మోకరించాం. గిన్నె చేతికొచ్చాక ఆవిడ దాన్ని ఎత్తి చూడలేదు. నా వైపు వంగి గుసగుసగా అడిగింది, తేరిందా అని. తేరిందన్నాను. కళ్ళు మూసుకుని తాగింది.

ఆ ఎండాకాలం వెళ్ళేలోపు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్లయ్యాయి. దేవుడి దయ, చూపు బాగా వచ్చింది. మరుసటేడు మళ్ళీ ద్రాక్ష తెచ్చి, చిదిమి, నలభై రోజులు గడిచాక గ్లాసు పట్టుకెళ్ళి ఆవిడకిచ్చాను. అందుకోలేదు. చేటలో కందులు ఏరుకుంటూ తలెత్తకుండా అంది:

"నువ్వు చూసి చెప్పవే అమ్మాయ్. నాకిక్కడ పనుంది."