నూరు తట్టల మైదానం

మా ఫుట్‌బాల్ క్లబ్బులో చేరడానికి చందా ఉండేది కాదు. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తారు కదా, ఆ ఒండ్రుమట్టిని నూరు తట్టలు స్వయంగా నెత్తిన మోసుకొచ్చి మైదానంలో పొయ్యాలి. నూరో తట్ట దింపిన క్షణం నుంచి మెంబరు. నేను మోసిన తట్టలు మామూలువి కావు. ఒక్కొక్కదాంట్లో ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టి జోకొట్టవచ్చు. ఆ బరువుకి నా మెడ రెండంగుళాలు భుజాల్లోకి దిగిపోయింది. అంతకు ముందు నేను కొబ్బరిచెట్టంత మనిషిని. ఇప్పుడు నన్ను చూసినవాళ్లు నమ్మరు. నమ్మకపోతే వాళ్లే వెళ్లి నూరు తట్టలు మోసి చూసుకోవచ్చు.

ఈ నియమం ఎందుకు పుట్టిందంటే, మా మైదానం మొదట మైదానం కాదు. అమలాపురానికి నాలుగు మైళ్లలో, కాలువ గట్టు కింద, రెండెకరాల పల్లం. వరి వేస్తే వరి మునిగేది, గేదెను తోలితే గేదె మునిగేది. ఊళ్లో రైసుమిల్లు కట్టిన పెద్దాయన ఆ పల్లాన్ని చూసి చూసి విసిగిపోయి, యుద్ధం రోజుల్లో ఒకనాడు, "ఇక్కడ ఆడుకోండర్రా" అన్నాడు. ఆడుకున్నాం. మొదటి ఏడాది బంతి కన్నా కప్పలకే ఎక్కువ గోల్స్ వచ్చాయి. నేను గోలీని. గోలీకి చేతులు ముఖ్యమంటారు. మా ఊళ్లో మాత్రం ముందు ఈత వచ్చా అని అడిగేవారు.

అప్పుడు మా కెప్టెన్ ఒక మాట చెప్పాడు. కెప్టెన్ అంటే చర్చి వెనక పేటలో ఉండే కుర్రవాడు. వాళ్ల నాన్న ఆ పెద్దాయన పొలాల్లోనే పాలేరు. ఇతను మిషన్ బడిలో చదివి అదే బడిలో మేష్టరయ్యాడు. ఒట్టి కాలితో బంతిని తన్నితే అది మైదానం దాటి, కాలువ దాటి, అవతలి అరటితోటలో గెల దింపి గాని ఆగేది కాదు. "మట్టి ఊరికే గట్టుమీద పారేస్తున్నారు కదండీ, తెచ్చి పోసుకుందామండి" అన్నాడు. అలా మొదలైంది. మెంబర్లకి నూరు తట్టలు, వేసవి మ్యాచీ చూడ్డానికి వచ్చినవాడికి టిక్కెట్టు ఒక తట్ట. రాజోలు జట్టు వెంట వచ్చినవాళ్లు, కొత్తపేట జట్టు వెంట వచ్చినవాళ్లు, అందరూ మోశారు. కపిలేశ్వరపురం నుంచి వచ్చిన ఒక పెళ్లివారి గుంపు దారి తప్పి మా మ్యాచీకి వస్తే పెళ్లికొడుకు చేత కూడా మోయించాం.

పది వేసవుల్లో పల్లం మోకాలెత్తు లేచింది. దూరపు ఊళ్లవాళ్లకి చెప్పేటప్పుడు నేను నడుమెత్తు అంటాను. గోదావరికి వరదొచ్చి ఊరంతా నీళ్లలో నిలబడితే, మా మైదానం మీద మాత్రం ఊళ్లోని పశువులన్నీ పొడిగా నిలబడి నెమరు వేశాయి.

ఇందులో ఇంకో సంగతి ఉంది. కాఫీ హోటల్లో మా కెప్టెన్‌కి గ్లాసు వేరే ఉండేది, వాకిట్లో, గోడకి కొట్టిన మేకు దగ్గర. మా మైదానంలో అలాంటి మేకు లేదు. నూరు తట్టలు మోసినవాడి ఒంటిమీద మట్టి తప్ప ఇంకేమీ కనిపించదు. నా తట్ట అతను ఎత్తేవాడు, అతని తట్ట నేను ఎత్తేవాణ్ణి. పదకొండు మందిలో నలుగురు పేటవాళ్లు, ఒకడు మంగలి, ఒకడు సైకిలు షాపువాడు, ఒకడు పడవ లాగేవాడు. మిగతావాళ్లం ఇంట్లో తిట్లు తినేవాళ్లం.

పెద్దాయన పోయాక కొడుకు మిల్లుకి యజమాని, మా క్లబ్బుకి ప్రెసిడెంటు అయ్యారు. కప్పు కొనిచ్చారు, మ్యాచీకి కుర్చీ తెచ్చుకుని కూర్చునేవారు. మంచివారే. ఒక్క తట్ట కూడా మొయ్యలేదు. ప్రెసిడెంటుని ఎవరు అడుగుతారు?

ఒక ఏడాది, ఇంకో నెలకి కాలువలు కట్టేస్తారనగా, ఆయన మమ్మల్ని మిల్లు వరండాలోకి పిలిపించారు. పక్కన రిటైరైన ఓవర్సియరు గారు, ఆయన ఒళ్లో దుప్పటంత నీలం కాగితం.

"మనకి స్టేడియం కట్టిస్తున్నానర్రా" అన్నారు ప్రెసిడెంటు గారు.

ఆ మాట మేం వినడం అదే మొదలు. ఓవర్సియరు గారు కాగితం పరిచి వేలితో చూపిస్తూ పోయారు. చుట్టూ కంచె, ఇనప గేటు, టిక్కెట్టు గది, మెట్లమెట్లుగా గ్యాలరీ, ప్రెసిడెంటు గారికి పంఖా ఉన్న మంటపం. అన్నీ ఉన్నాయి. బంతి ఆడే చోటు మాత్రం మధ్యలో తపాలా బిళ్లంత కనిపించింది. స్థలం ఎక్కడయ్యా అంటే, ఓడలరేవు దారిలో ఆరు మైళ్ల అవతల, ఉప్పు తేలిన చౌడు నేల. ఇప్పటి మైదానంలో మిల్లుకి ధాన్యం ఆరబెట్టుకునే కళ్లం వేస్తారట. మిల్లు పక్కన ఇంత మెరక నేల ఇంకెక్కడుంది?

"ఖర్చులో సగం నాదే" అన్నారు ప్రెసిడెంటు గారు. "మిగతా సగానికి మెంబర్లు సాలీనా చందా కట్టాలి. కట్టలేనివాళ్లు కంచె బయట నుంచి చూడొచ్చు. ఎవర్నీ వద్దనం."

నేను మనసులో లెక్క వేశాను. ఆ చందా కట్టగలిగినవాళ్లం నలుగురం తేలాం. నలుగురితో ఫుట్‌బాల్ ఆడరు, పేకాడతారు. కెప్టెన్ జీతం ఇంట్లో ఏడుగురికి అన్నం పెట్టడానికే చాలేది కాదు. అంటే మా మైదానం కట్టినవాడు రేపు కంచె కన్నంలోంచి మా ఆట చూడాలి.

కెప్టెన్ వినయంగా చేతులు కట్టుకుని అడిగాడు. "ఓవర్సియరు గారూ, అక్కడ కూడా పల్లమేనటండి. మెరక వెయ్యడానికి ఎంతవుద్దో ఇందులో రాసేరాండి?"

ఓవర్సియరు గారు కాగితం తిప్పి చూశారు, మళ్లీ తిప్పారు, కళ్లజోడు తుడుచుకున్నారు, మంచినీళ్లు అడిగారు. చెవిలో పెన్సిలు తీసి లెక్క వేస్తూ వేస్తూ కాగితం అంచు దాటి ప్రెసిడెంటు గారి పంచె మీద కూడా రెండు అంకెలు వేసేశారు.

"గ్యాలరీకి, గేటుకి, మంటపానికి కలిపి ఎంతో, ఒక్క మట్టికే అంతవుతుందండి" అన్నారు చివరికి నీరసంగా.

"మట్టికా?" అన్నారు ప్రెసిడెంటు గారు. "మట్టికి డబ్బేవిటయ్యా! ఆ సంగతి తరవాత చూద్దాం. ముందు మీరు స్థలం ఖాళీ చెయ్యండి. మా నాన్న నోటిమాటగా ఇచ్చేడు, నేను నోటిమాటగా తీసుకుంటున్నాను."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు కెప్టెన్. "కాలువలు కట్టేసిన రోజు నుంచి ఖాళీ చేసేస్తామండి."

నాకు ఒళ్లు మండిపోయింది. బయటికి వచ్చాక గట్టుమీద అతని చొక్కా పట్టుకున్నాను. "ఏం మేష్టారూ! పదేళ్లు మోసింది ఆయన ధాన్యం ఆరబెట్టుకోడానికా? అలాగేనండి అంటావేంటి?"

అతను చొక్కా విడిపించుకోకుండానే అడిగాడు. "స్థలం ఎవరిదండీ?"

"ఆయనదే."

"మరి మట్టండీ?"

నేను చొక్కా వదిలేశాను.

కాలువలు కట్టేసిన రోజు పొద్దున్నే మెంబర్లం అందరం పార, పలుగు, తట్ట పట్టుకుని దిగాం. కాలువలోకి కాదు, మైదానంలోకి. కాలువ వైపు మూల మొదలుపెట్టి మేం తెచ్చిన మట్టి మేం తవ్వి, గట్టుమీద కుప్ప పోశాం. కోనసీమలో మోకాలి లోతు తవ్వితే నీళ్లు పలకరిస్తాయి. మధ్యాహ్నానికి గుంటలో నీరూరింది. రెండో రోజుకి కప్పలు వచ్చి, పదేళ్ల కిందట వదిలేసిన పాట అందుకున్నాయి. మూడో రోజుకి ఒక తెల్ల కొంగ వచ్చి, ప్రెసిడెంటు గారి కళ్లం మధ్యలో ఒంటికాలి మీద నిలబడింది. ఆ కొంగ తాటిచెట్టులో సగం ఉంది. కావాలంటే సైకిలు షాపువాణ్ణి అడగండి, వాడు ముప్పావు అంటాడు.

నాలుగో రోజు ప్రెసిడెంటు గారు గొడుగు వేసుకుని పరుగున వచ్చారు.

"ఏంటి మేష్టారూ ఇది?"

"మట్టండి."

"మట్టని నాకూ తెలుసు! ఎందుకు తవ్వుతున్నారు?"

"తమరు ఖాళీ చెయ్యమన్నారు కదండీ. మా సామాను మేం పట్టుకుపోతున్నామండి. తమరి స్థలం తమరికి ఉంచేస్తామండి, పెద్దయ్యగారు ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే."

"అలాగే అంటే?"

మైదానంలో గడ్డి కోసుకుని గేదెల్ని మేపుకునే ముసలమ్మ ఒకావిడ ఉండేది. మేం గడ్డి కొట్టించే పని లేకుండా ఆవిడ కొడవలే చూసుకునేది. గట్టుమీద కూర్చుని అంతా వింటోంది. "నాకు తెల్సు బాబూ" అంది. "మీ నాన్నగారి రోజుల్లో ఇక్కడ తొడలోతు నీళ్లల్లో తుంగ కోసేదాన్ని. ఒకసారి జెర్రిగొడ్డు కాలికి చుట్టేసుకుంది. మంచి సోటు, మీ వడ్లు ఇక్కడే ఆరబోసుకోండి. నానబోసుకోడానికీ పనికొత్తాది."

గట్టుమీద జనం నవ్వారు. ప్రెసిడెంటు గారు గొడుగు ముడిచారు, తెరిచారు. కేసు వేస్తానన్నారు. "వెయ్యండి, ఆయ్" అన్నాడు కెప్టెన్. "మట్టి ఎక్కణ్ణుంచొచ్చిందో సాక్ష్యం చెప్పడానికి ఐ.పోలవరం నుంచి కూడా వస్తారండి. టిక్కెట్టుకి తట్ట మోసినవాళ్లే అందరూనండి." పోలీసుల్ని పిలుస్తానన్నారు. "హెడ్డుగారు మా లెఫ్ట్ బ్యాకండి" అన్నాను నేను. ఆయన అప్పుడే నిక్కరు మీద మట్టి దులుపుకుంటూ గుంటలోంచి పైకి వచ్చారు.

మేం తవ్వుతూనే ఉన్నాం. నిజం చెప్పొద్దూ, ఆ నాలుగు రోజులూ ఎవరికీ అన్నం సయించలేదు. తవ్విన ప్రతి తట్టలోనూ మా పాత వేసవులు బయటపడుతున్నాయి. ఒకచోట చిరిగిన బ్లాడరు ముక్క దొరికితే కెప్టెన్ దాన్ని జేబులో వేసుకుని అటు తిరిగి నిలబడ్డాడు. ప్రెసిడెంటు గారు మంకుపట్టు పడితే మా మైదానాన్ని మా చేతులతోనే చంపుకోవాలి. అయినా సరే, కంచె కన్నంలోంచి చూసేది లేదనుకున్నాం.

ఆరో రోజు ఓవర్సియరు గారు గుంట కొలిచి, తవ్వింది పూడ్చడానికి ఎంతవుతుందో, మొత్తం పోతే మళ్లీ మెరక వెయ్యడానికి ఎంతవుతుందో ప్రెసిడెంటు గారి చెవిలో చెప్పారు. ఆయన మొహం ఉడకబెట్టిన వడ్లలా అయింది. చాలాసేపు కొంగ వైపు చూశారు.

"ఆడుకోండి" అన్నారు. "కళ్లం ఇంకోచోట చూసుకుంటాను. ఆ గుంట పూడ్చడానికి మిల్లు కూలీల్ని పంపుతాను."

కెప్టెన్ తట్ట కింద పెట్టాడు. "కూలీలు వద్దండి. మట్టి గట్టుమీదే ఉంది. తమరు ప్రెసిడెంటు కదండీ, ఇన్నాళ్లూ మెంబరు అవలేదండి. నియమం అందరికీ ఒకటేనండి."

పాలేరు కొడుకు మిల్లు యజమానిని తట్ట మొయ్యమంటున్నాడు. అంతటి మాట అంతకు ముందు ఆ ఊళ్లో ఎవరూ అనలేదు, అనుకోలేదు కూడా. ప్రెసిడెంటు గారు కండువా తీశారు. విసిరికొడతారనుకున్నాను. చుట్టకుదురు చుట్టుకుని నెత్తిన పెట్టుకున్నారు. తట్టని కెప్టెన్ ఒకవైపు, నేను ఒకవైపు పట్టి ఎత్తాం. మొదటి తట్టకే ఆయన కోటప్పకొండ ఎక్కినవాడిలా రొప్పారు. పదకొండో తట్టకి కూర్చుండిపోయారు. మిగతాది వచ్చే వేసవికి అన్నారు. వచ్చే వేసవికి నిజంగానే వచ్చి ఇరవై మోశారు. ఆ తరవాత నడుం పట్టేసి మానేశారు. అందుచేత మా క్లబ్బులో ఆయన ప్రెసిడెంటే గాని, మెంబరు మాత్రం కారు.

గుంట పూడ్చిన మూల ఇప్పటికీ కాస్త దిగి ఉంటుంది. అక్కణ్ణుంచి కార్నర్ కొట్టే పైజట్టువాడు జారి పడతాడు. దాన్ని చదును చెయ్యనివ్వం.

మొన్న ఏలూరు వైపు నుంచి సినిమాహాలు కట్టే ఆసామి ఒకడు మైదానం బేరానికి వచ్చాడు. ప్రెసిడెంటు గారు వాణ్ణి ఆ మూలకి తీసుకువెళ్లి కర్రతో నేలని పొడిచి చూపించారు.

"ఇది అమ్మడం కుదరదండి. ఇందులో నావి ముప్పయ్యారు తట్టలున్నాయి. స్వయంగా మోసేను."

ముప్పయ్యొకటే. నేను పక్కనే నిలబడి లెక్కపెట్టినవాణ్ణి. అయినా కెప్టెన్ నా వైపు చూశాడు, నేను కొబ్బరిచెట్ల వైపు చూశాను. "ముప్పయ్యారేంటండీ" అన్నాను ఆ ఆసామితో, "నలభై ఉంటాయండి."