హెల్గాకు పోసిన ఒడిబియ్యం

మూసాపేటలో ఫిట్టరు ఎల్లేశం ఇంట్లో హెల్గా ఉన్న పదకొండు నెలలూ అతని పెళ్లాం కిష్టమ్మ కడుపు మండుతూనే ఉంది. ఆమె స్థానంలో ఎవరున్నా మండేవారే, తప్పు పట్టకండి.

డెబ్బై మూడులో బాలానగర్ వైపు ఒక ఫ్యాక్టరీకి జర్మనీ యంత్రాలు వచ్చాయి. పనివాళ్లకు ఆ భాష నేర్పడానికి సోమేశ్వరరావు అనే కోస్తా మాస్టారును పెట్టారు. ఆయన పక్కన ఉండి ఉచ్చారణ సరిదిద్దడానికి జర్మనీ నుంచే హెల్గా వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. పెళ్లయింది, మొగుడు అక్కడే ఇంకా చదువుకుంటున్నాడు. ఎల్లేశం ఆ క్లాసులోనే కూర్చునేవాడు కాబట్టి, తమ ముందుగదిని ఆమెకు కిరాయికిచ్చాడు.

మొదటి నెల ఆ పిల్లకు కిష్టమ్మే దిక్కు. కారం తిని దవాఖాన పాలైతే గంజి కాచి తాగించింది. బావిలో చేద ఎలా వెయ్యాలో, పొయ్యి ఎలా ఊదాలో చూపించింది. క్లాసులో మగవాళ్లు ఆడమనిషి ముందు నోరు తెరవడం లేదని హెల్గా ఇంటికొచ్చి వచ్చీరాని తెలుగులో చెప్పుకుని ఏడిస్తే, పాఠం సంగతి పక్కన పెట్టి ముందు వాళ్ల పిల్లల గురించి అడగమని చెప్పింది కిష్టమ్మే. మర్నాడు హెల్గా అలాగే అడిగింది. ఒక్కొక్కడూ తన పిల్లల పేర్లు చెప్పుకోవడానికి జర్మనీ మాటలు వెతుక్కున్నాడు. "చూసిండ్రా, మా హెల్గా ఎంత తెలివిగల్లదో" అని అత్త బుచ్చమ్మ వాడకట్టంతా చెప్పుకొచ్చింది. ఉపాయం ఎవరిదో అడిగిన పుణ్యాత్ములు లేరు.

బుచ్చమ్మకు ఆడపిల్లలు లేరు. హెల్గా "అమ్మా" అని పిలిచిన రోజునే ముసలామె కరిగి నీరైపోయింది. పక్కన కూర్చోబెట్టుకుని జొన్నరొట్టె తట్టడం నేర్పింది. ఆ పిల్ల రొట్టె ఒకవైపు మందం, ఇంకోవైపు చిరుగు. బుచ్చమ్మ దాన్నే పట్టుకెళ్లి పక్కింటివాళ్లకు చూపించింది. పదేళ్లుగా పొంగే రొట్టెలు కాల్చి పెడుతున్న కోడలిని మాత్రం ఒక్కనాడూ మెచ్చుకున్న పాపాన పోలేదు. పెరుగు మీది మీగడ కూడా హెల్గా గిన్నెలోకే వెళ్లేది. అంతకుముందు అది కిష్టమ్మకు దక్కేదా అంటే, అదీ లేదు. ఎవరికీ దక్కనన్నాళ్లూ ఆమెకు ఆ బాధ తెలియలేదు.

క్లాసుల గడువు ముగిసి హెల్గా తిరిగి వెళ్లే రోజు వచ్చింది. పుట్టింటి నుంచి అత్తింటికి పోతున్నట్టే కదా, ఒడిబియ్యం పోసి పంపుదామంది బుచ్చమ్మ. పెళ్లయిన ఆడపిల్ల ఒడిలో పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికెగుడ్డ పెట్టి సాగనంపడం అక్కడి రివాజు. కిష్టమ్మకు తల్లీ తండ్రీ పోయి ఎనిమిదేళ్లయింది, అన్నదమ్ములు లేరు. ఆ ఎనిమిదేళ్లలో ఆమె ఒడిలో గింజ పడలేదు. అలాంటిదాన్ని పిలిచి, హెల్గా కోసం ఐదు సేర్ల బియ్యానికి పసుపు పట్టించమంది అత్త. కిష్టమ్మ పళ్లు బిగపట్టి కలిపింది.

ఆ బియ్యంలోంచి ఐదు పిడికిళ్లు తిరిగి పుట్టింటి చాటలో పోసి గాని ఆడపిల్ల గడప దాటకూడదు. దాటితే ఇంటి సిరి ఆమె వెంటే పోతుందంటారు. ఆ సంగతి హెల్గాకు నచ్చజెప్పే పని కూడా కిష్టమ్మకే అప్పగించారు. ఆమె చెప్పలేదు. మరిచిపోయి కాదు, కావాలనే చెప్పలేదు.

హెల్గా ఒడి నింపుకుని, అందరినీ కావలించుకుని, బియ్యం మొత్తం మూటకట్టుకుని సోమేశ్వరరావు తెచ్చిన జీపెక్కింది. బుచ్చమ్మ ఖాళీ చాట పట్టుకుని గడపలోనే నిలబడిపోయింది. జీపు మలుపు తిరిగాక కోడలి వైపు చూసి, చెప్పలేదా అని అడిగింది.

"చెప్పలే" అంది అరుగు మీద కూర్చున్న కిష్టమ్మ, తల దించకుండా.

"ఇంటి సిరంత పంపిస్తివి గదనే. నీకేం తక్కువ చేసిన?"

"ఎనిమిదేండ్లాయె అత్తమ్మా, నా ఒళ్లె బియ్యం పడక. నా చేతులతోనే ఆ పిల్లకు కలిపిస్తివి."

బుచ్చమ్మ కోపం కొంచెం తగ్గింది. కోడలికి అత్త పొయ్యదని, అది తను పెట్టిన రివాజు కాదని నచ్చజెప్పబోయింది. "పోయేదానికి పోస్తరు బిడ్డా ఒడిబియ్యం. నువ్వు ఈడ ఉండేదానివి. యాడికి పోతవు?"

"పోయేటందుకు ఇల్లు లేకనే గద అత్తమ్మా, నాకింత మంట."

బుచ్చమ్మ చాటను గోడకు ఆనించి, వచ్చి కోడలి పక్కన కూర్చుంది.