చిన్నమ్మ తానే చూసుకున్న చోటు

మంగళవారం తెల్లవారుతుండగా మా చిన్నమ్మ పోయింది.

ఆ ఉదయం రోజూ లాంటిదే. మదనపల్లెలో మా వీధికి ఇంకా సరిగా వెలుగు రాలేదు. కసువు ఊడ్చి, నీళ్ళు చల్లి, నాలుగు గీతల ముగ్గు వేశాను. పాలామె ప్యాకెట్లు గేటుకు తగిలించి, “ఈపొద్దు చలి జాస్తిగా ఉండాది కదమ్మా” అంటూ వెళ్ళింది. టమోటా ట్రేలు ఎత్తుకున్న టెంపో ఒకటి మలుపు తిరగలేక ముందుకూ వెనక్కూ పోతూ ఉంది. స్నానం చేసి, దేవుని ముందు కూర్చుని వత్తిని నూనెలో తడుపుతుండగా ఫోను మోగింది. కుప్పం నుంచి, చిన్నమ్మను చూసుకునే నర్సమ్మ.

“అక్కా, అమ్మ ఐదున్నరకు పోయింది. రాత్రంతా నొప్పి లేదు, మూలుగు కూడా లేదు. పెదాలు ఆరిపోకుండా తడుపుతానే ఉంటిమి. పోయేటప్పుడు నేనూ ఒక ఆయా పక్కనే ఉండాము.”

టైము, నొప్పి, నోరు, పక్కన ఎవరు. ఈ వరసలోనే చెప్పింది. చిన్నమ్మ ఆసుపత్రిలో డ్యూటీ దిగేటప్పుడు తర్వాత వచ్చే ఆయాకు ఒక్కొక్క మంచం గురించి ఇదే వరసలో అప్పగించేదని నాకు తెలుసు. దీపం వెలిగించి నమస్కారం పెట్టుకున్నాను. కన్నీళ్ళు తర్వాత వచ్చాయి. ముందు వచ్చింది గర్వం. అదెందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. పెద్దపంజాణి దగ్గర మా ఊళ్ళో శెనక్కాయ చేలల్లో కూలికి పోతూ పెరిగింది. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోయాడు. పిల్లలు లేరు. మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరి ముప్పై ఏళ్ళు ఆ పనే చేసింది. మా అమ్మ చిన్న వయసులోనే పోతే మమ్మల్ని ముగ్గురినీ చదివించింది తనే. నేను బడిలో టీచరునయ్యాను. తమ్ముడు పుంగనూరులో కరెంటాఫీసులో పనిచేస్తాడు. చెల్లెలు కుప్పంలో పోస్టాఫీసులో. మా ముగ్గురి ఉద్యోగాల వెనుకా ఆమె తుడిచిన వార్డులు ఉన్నాయి.

రోగిని ముట్టుకునే ముందు అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకునేది. “సల్లటి చెయ్యి తగిలితే మనిషి ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే కుట్లు నొస్తాయి” అనేది. ఇంట్లో మాకు జ్వరం వచ్చినా అదే అలవాటు. ఆ చేతుల చప్పుడు వినబడితే చాలు, సగం జ్వరం దిగినట్టుండేది.

రెండేళ్ళ కిందట ఆమెకు కడుపులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయింది, మందులయ్యాయి. ఈ ఏడాది మొదట్లో డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, ఇక తగ్గే జబ్బు కాదని, నొప్పి లేకుండా చూసుకోవడమే మిగిలిందని చెప్పాడు. చిన్నమ్మే అడిగింది: “అట్లయితే ఆ పని తెలిసినోళ్ళు యాడ ఉండారు సామీ?”

తగ్గని జబ్బు మనిషిని చివరిదాకా నొప్పి లేకుండా చూసుకునే చోట్లు ఇప్పుడు మా వైపూ వచ్చాయి. హాస్పిస్ అంటారు. మా ఊరివాళ్ళకు మాత్రం అదీ ఒకటే, వృద్ధాశ్రమమూ ఒకటే. తమ్ముడు ఆ మాట వినగానే అడ్డం తిరిగాడు.

“చిన్నమ్మా, నిన్ను ఆడ పెడితే ఊర్లో తలెత్తుకోలేము. కన్నపిల్లలు లేరని పారేసినారంటారు.”

“నీకు తలెత్తుకునేది ముఖ్యమా, నన్నెత్తేది ముఖ్యమా?” అంది చిన్నమ్మ. “నిన్న బాత్రూములో నువ్వు నన్ను లేపితే నా చంకలో ఎముక కలుక్కుమనె. మీకు ప్రేమ ఉండాది నాయనా, పట్టు తెలీదు. మీకు నేర్పేదానికి నాకు టైము లేదు.”

చోటు చూసే పని నేను మీద వేసుకున్నాను. మదనపల్లె బయట ఒకటి చూసి వచ్చాను. నున్నటి గచ్చు. వాకిట్లో తులసికోట. లోపల పూజగది, పొద్దున సాయంత్రం భజన. నా మనసు అక్కడే నిలిచిపోయింది. చివరి రోజుల్లో చెవిన దేవుని పేరు పడితే అంతకంటే ఏం కావాలనుకున్నాను. ఇంటికొచ్చి చెప్పాను.

చిన్నమ్మ అంతా విని, “మనుషులెట్లుండారు?” అంది.

నేను మనుషులను చూడలేదు. పూజగది చూసి వచ్చేశాను.

“నేనే వస్తా పద. చెప్పకుండా పోదాం. మధ్యాన్నం రెండు దాటినాక పోదాం. అన్నాలయినంక వార్డు నిజం చెప్తాది.”

కారులో దిండ్లు పేర్చి పడుకోబెట్టి తీసుకెళ్ళాను. లోపలికి వెళ్ళగానే ఆమె మేనేజరును అడిగిన మొదటి మాట, “సూసేదానికి ఎవురూ రానోళ్ళు ఎవురైనా ఉండారా ఈడ?” అతను మూల మంచం చూపించాడు. చిన్నమ్మ గోడ పట్టుకుని నడిచి, ఆ ముసలమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. దుప్పటి కొద్దిగా తీసి మడిమలు చూసింది. వేళ్ళ సందులు చూసింది. పెదాలు చూసింది. పగిలి, తెల్లగా పొర కట్టి ఉన్నాయి. పూజగదిలోంచి క్యాసెట్టు పాట బాగానే వినబడుతోంది. చిన్నమ్మ నా చేతిలోని నీళ్ళ సీసా తీసుకుని, తన పైట కొంగు తడిపి, ఆ పెదాలకు అద్దింది. ముసలమ్మ కొంగును పసిబిడ్డలా చప్పరించింది.

“నొప్పి మందు ఎట్లిస్తారప్పా?” అని మేనేజరును అడిగింది.

“డాక్టరుగారు పొద్దున వచ్చినప్పుడు రాస్తారమ్మా.”

“డాక్టరు ఎన్ని గంటలకొస్తాడో నొప్పికి తెలుసునా?”

కారెక్కినాక దిండ్లు మళ్ళీ సర్దాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. “నువ్వు దేవుణ్ణి సూసినావు, తప్పేముండాది. నేను మంచాన్ని సూసినా. ఇట్లాంటి తావుల్ని సూడాలంటే ఎవురూ లేనోళ్ళ మంచం కాడికి పోవాల. మనోళ్ళున్న మంచం మనకోసం సర్దుంటారు.” ఆ మాట నా ప్రార్థననే మార్చింది. అంతకు మించి దాని గురించి చెప్పను.

పుంగనూరులో తమ్ముడు చూసిన చోట పది నిమిషాలు కూడా లేము. అక్కడి మనిషి మర్యాదగానే ఉన్నాడు. కానీ ప్రతి ప్రశ్నా తమ్ముణ్ణే అడిగాడు. పేషెంటు ఏం తింటుంది, పేషెంటు నిద్రపోతుందా. మూడో ప్రశ్నకు చిన్నమ్మ చెయ్యెత్తింది. “పేషెంటు ఈడే ఉండాది నాయనా. నోరు కూడా ఉండాది.”

కుప్పంలోది చెల్లెలు చెప్పిన చోటు. ఊరికి కొంచెం ఎడంగా, రేకుల వరండా ఉన్న చిన్న కట్టడం. తులసికోట లేదు, నున్నటి గచ్చూ లేదు. మేము వెళ్ళేసరికి ఒక ఆయా, మాట పడిపోయిన పెద్దావిడకు గోళ్ళు తీస్తూ కబుర్లు చెబుతోంది. “మా ఆయప్ప రాత్రి రాగిముద్ద గట్టిగా ఉండాదని అలిగినాడమ్మా. నేను ఊరికే ఉంటినా? అట్లయితే రేపు నువ్వే కెలుకు అంటి.” పెద్దావిడ కళ్ళతో నవ్వుతోంది. చిన్నమ్మ గడపలోనే నిలబడి అదంతా విన్నది. తర్వాత వెళ్ళి మంచం కిందికి వంగి చూసింది. ఆ వంగడం ఆమెకు ఎంత కష్టమో మాకు తెలుసు. “మంచం కింద శుభ్రంగా ఉంటే మంచం మీద మనిషిని అడగాల్సిన పన్లేదు” అన్నది ఆమె ముప్పై ఏళ్ళుగా చెప్పిన మాట.

నర్సమ్మ వచ్చింది. ముప్పై దాటని పిల్ల. చిన్నమ్మ సూటిగా అడిగింది: “నొప్పికి నేనరిస్తే ఏం చేస్తారు?”

“ముందు నీ కాడికొస్తామమ్మా. అరవకముందే టైము ప్రకారం మందు ఇస్తాము. అయినా అరిస్తే ఇంకో మోతాదు రాసిపెట్టుంటాది, డాక్టరు కోసం కాసుకోము.”

“మీ తావులో తక్కువేముండాది?”

ఆ పిల్ల వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. “రాత్రికి ఒకే నర్సు, ఇద్దరు ఆయాలు. ఇద్దరికి ఒకేసారి బాగలేకపోతే ఒకరు కాసుకోవాల్సొస్తాది. వానొస్తే కరెంటు పోతాది. జనరేటరు ఉండాది గానీ, అది ఎత్తుకునేదానికి పది నిమిషాలు పడతాది.”

చిన్నమ్మ మా వైపు తిరిగి, “నా సంచి దించండి” అంది. తమలో తక్కువేముందో అడిగితే చెప్పినోళ్ళు, రేపు నొప్పి సంగతి అడిగినా దాచరని తర్వాత నాకు వివరించింది.

తప్పు మేము చేశాం. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు మా వాళ్ళకు చిన్నమ్మ పుంగనూరులో తనింట్లో ఉందన్నాడు. చూడ్డానికి పుంగనూరు పోయినవాళ్ళకు మరదలు, మదనపల్లెలో అక్కింటికి పోయిందని చెప్పింది. మదనపల్లె వచ్చినవాళ్ళకు నేను చెల్లెలింట్లో ఉందన్నాను. రోజూ దీపం పెట్టే ఇంటి గడపలోనే నిలబడి ఆ అబద్ధం చెప్పాను. సంగతి చెల్లెలి నోట జారి చిన్నమ్మకు తెలిసింది. కోప్పడుతుందనుకున్నాం. కడుపు పట్టుకుని నవ్వింది.

“ఒకేసారి మూడూళ్ళలో ఉండానంట! దేవుడికి కూడా ఒక గుడి సాలు గదరా!”

నవ్వడం అయ్యాక ఆమె ముఖం కొంచెం వాడింది. “నేనేమన్నా దొంగతనం చేసి దాక్కోనుండానా?” అంది. తమ్ముడు కిటికీ వైపు తిరిగాడు. ఆ మాటకు జవాబు మా ముగ్గురి మీదా బాకీగా ఉండిపోయింది.

ఆమె అక్కడ ఉన్నది మూడు నెలలు. లేవగలిగినన్ని రోజులు పక్క మంచాలు చూసి వచ్చేది. ఆయాలకు, ఒక్కరే ఉన్నప్పుడు రోగిని నొప్పి లేకుండా పక్కకు తిప్పడానికి కింద పరిచిన దుప్పటిని ఎట్లా మడిచి లాగాలో నేర్పింది. నేర్పించడానికి తన ఒంటినే ఇచ్చింది. “ఊఁ, లాగు. ఇంకా మెల్లగా. నేను శెనక్కాయ మూటనా?” ఆయాలు నవ్వుతూ మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. కొత్తగా వచ్చిన రోగుల బంధువులు చోటు ఎలా ఉంటుందని అడిగితే నర్సమ్మ ఆమె మంచం వైపు చూపించేది. చిన్నమ్మ ఉన్నదున్నట్టు చెప్పేది, రాత్రి నర్సు సంగతితో సహా. రెండు నెలలయ్యాక, ఇప్పుడు రాత్రికి ఇద్దరు నర్సులు వస్తున్నారని నాకు ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో అంత సంతోషం నేను మళ్ళీ వినలేదు.

మంగళవారం ఆమెను కుప్పం నుంచి పెద్దపంజాణి దగ్గరి మా ఊరికి తీసుకొచ్చాం. నర్సమ్మ, ఇద్దరు ఆయాలు వెంట వచ్చారు. అయినవాళ్ళ ఇంట్లో కాక బయట పోయిన మనిషిని ఇంట్లోకి తేకూడదంటారు మా వైపు. మా పాత ఇంటి వాకిట్లో షామియానా కింద పడుకోబెట్టాం. ఊరంతా వచ్చింది. వాకిట్లోనే ఎందుకు ఉంచారని ముందు గుసగుసగా మొదలైంది. వరసకు మాకు అవ్వ అయ్యే పెద్దావిడ ఒకామె గట్టిగానే అడిగింది.

“ఏమప్పా, మీ చిన్నమ్మ నీ ఇంట్లో పోలేదా? మరి యాడ పోయింది?”

నేను తమ్ముడి ముఖం చూశాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. తమ్ముడింట్లోనే పోయిందని ఒక్క మాట చెబితే లోపలికి తీసుకుపోవచ్చు, నోళ్ళూ మూతపడతాయి. తమ్ముడు కండువా భుజం మీద సర్దుకున్నాడు.

“లేదవ్వా. కుప్పంలో నొప్పి చూసే తావులో పోయింది. మూడు నెలలు ఆడే ఉండింది. మేము అబద్ధం చెప్పినాము.”

“అయ్యో నా తల్లీ! ఆశ్రమంలో పడేసినారా?”

“మేము పడేసేదానికి ఆమె మా మాట వినే మనిషా? మూడు తావులు తిరిగి, మంచాల కింద వంగి చూసి, తానే ఏరుకుంది. చూడవ్వా, దగ్గరికొచ్చి చూడు. ఈపున ఒక్క పుండు లేదు.”

అవ్వ నిజంగానే దగ్గరికి వచ్చింది. ముందు చేతులు చూసింది, తర్వాత కాళ్ళు చూసింది. నూనె రాసి నున్నగా ఉన్న మడిమలను వేలితో తాకింది. ఆమె పెనిమిటి పోయిన ఏడు ఇంట్లోనే పోయాడు. ఎలా పోయాడో ఊళ్ళో అందరికీ తెలుసు, ఆ కేకలు నాలుగు వీధులకు వినబడ్డాయి. అవ్వ బట్టను మళ్ళీ కాళ్ళ మీదికి సర్దింది. తర్వాత ఒక ఆయా పక్కకు వెళ్ళి, “ఆ తావుకు పోయే బస్సు యాడెక్కాల తల్లీ?” అని అడిగింది. తన కోసమో, ఇంకెవరి కోసమో అడగలేదు నేను.

మధ్యాహ్నం దాటి మట్టి చేసి వచ్చాం. నర్సమ్మా ఆయాలూ కాళ్ళు కడుక్కుని, అన్నం తినమంటే రెండు ముద్దలు తిని, డ్యూటీ ఉందని ఐదింటి బస్సుకు వెళ్ళిపోయారు.

సాయంత్రం మేము ముగ్గురం వాకిట్లో చాప మీద కూర్చున్నాం. పెద్దకర్మ కార్డు అచ్చుకు ఇవ్వాలి. తమ్ముడు తెల్ల కాగితం మీద వివరాలు రాసుకొచ్చి, చిన్నమ్మ పోయిన చోటు దగ్గర ఆగాడు. కుప్పం అనే రాశాడు, ఆ కేంద్రం పేరు పూర్తిగా రాశాడు. ఆహ్వానించువారి దగ్గర మా ముగ్గురి పేర్లూ రాసి మళ్ళీ ఆగాడు. ఈసారి చెల్లెలు అంది, “వాళ్ళవి కూడా రాయి.” బంధువు ఒకాయన, వాళ్ళు మనకేమవుతారని కార్డులో వేస్తారని అడిగాడు. ఏమవుతారో చెప్పే మాట మాకెవరికీ దొరకలేదు. అందుకని వరస ఏమీ పెట్టకుండా నర్సమ్మ పేరు, ఆయాలిద్దరి పేర్లు మా పేర్లతో పాటే, అదే సైజు అక్షరాల్లో వేయించాలని ఆ సాయంత్రం నిర్ణయించుకున్నాం. అచ్చయిన కార్డులను ముందుగా మా ఊళ్ళో ప్రతి గడపకూ తమ్ముడే స్వయంగా తీసుకుపోయి ఇవ్వాలని కూడా.