పన్నెండు క్రెడిట్ల తెలుగు

మా నానమ్మను నేను జీవితంలో ఒక్కసారే తిట్టాను. ఆ ఒక్కసారే సరిపోయింది.

ఆ తిట్టు సంగతి చెప్పాలంటే ముందు నా డిగ్రీ సంగతి చెప్పాలి. సైన్యం గద్దెనెక్కిన ఏడాది నేను రంగూన్‌లో అకౌంట్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఒకరోజు పొద్దున్న లేచేసరికి ఫోన్లు పలకలేదు. తర్వాత కొన్నాళ్లు సాయంత్రం ఎనిమిదయిందంటే ఊరు ఊరంతా సైన్యం మీద నిరసనగా సత్తు గిన్నెలు పట్టుకుని వీధుల్లో బాదింది. బండి మీద వడలు అమ్మే మా నానమ్మ తన మూకుడుని గరిటెతో బాదీ బాదీ సొట్ట పెట్టింది. నేనూ నా స్నేహితురాలూ క్లాసులోంచి లేచి వచ్చేశాం, వీళ్ల కింద చదివేది లేదని. అబ్బో, ఎంత పౌరుషమో! రెండు నెలలకి ఆమెను పట్టుకుపోయారు. నన్ను పట్టుకోలేదు. ఆ రోజు నేను జ్వరమని ఇంట్లో పడుకున్నాను, అంతే తేడా.

మూడేళ్లు రంగూన్ అంచున మా తాకేటా పేటలో వడల పిండి రుబ్బుతూ కూర్చున్నాను. అప్పుడు వయసులో ఉన్నవాళ్లను సైన్యంలోకి పంపడానికి వార్డు ఆఫీసులో పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. ఆడపిల్లల వంతు తర్వాత అన్నారు. తర్వాత అంటే ఎప్పుడో ఎవరికీ తెలియదు. బ్యాంకాక్‌లో ఒక చిన్న ఆఫీసువాళ్లు లెక్కలు రాసే పని ఇస్తామన్నారు, కానీ డిగ్రీ కాగితం చూపించాలి, వానలు వెళ్లేలోపు. ఆ కాగితం ఉంటే దేశం దాటతాను. లేకపోతే వార్డు ఆఫీసువాడు తలుపు తట్టేదాకా పిండి రుబ్బుతాను.

బయటి దేశపు కాలేజీ ఒకటి దొరికింది, చదువంతా ఇంటర్నెట్ మీదే. పాత చదువుని క్రెడిట్లుగా లెక్కేసుకుంటామన్నారు, మార్కుల కాగితం తెమ్మన్నారు. పాత యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్తే గుమాస్తా ముందు ఇంకో కాగితం నా ముందుకు తోశాడు. నేను తప్పుదోవ పట్టాను, చింతిస్తున్నాను అని. కింద ఒక ఖాళీ గీత, ఎవరు తప్పుదోవ పట్టించారో రాయడానికి. నేను నా స్నేహితురాలి పేరు రాశాను. ఎలాగూ జైల్లోనే ఉంది కదా, కొత్తగా పోయేదేముంది అనుకున్నాను. అలా అనుకోగలిగానంటే చూడండి నేనెలాంటిదాన్నో!

ఇంత చేసినా పన్నెండు క్రెడిట్లు తక్కువ పడ్డాయి. అవి పరభాష కింద రావాలట. ఫ్రెంచో స్పానిషో కోర్సు తీసుకుందామంటే ఫీజులు డాలర్లలో, మా డబ్బు విలువేమో రోజురోజుకీ పాతాళానికి. ఎక్కడ చవగ్గా క్రెడిట్లు దొరుకుతాయా అని కరెంటున్న ప్రతి గంటా వెతికాను. మోసగాళ్లు, సగం మోసగాళ్లు, కాల్ చేస్తే ఎత్తనివాళ్లు. చివరికి ఒకచోట కనిపించింది. మీకు ముందే ఏదైనా భాష వస్తే ఫోన్లో అరగంట మాట్లాడే పరీక్ష ఇవ్వండి, పాసయితే పన్నెండు క్రెడిట్లూ ఒక్క దెబ్బకి. బర్మా భాష కుదరదట, బళ్లో చదివిన భాష లెక్కలోకి రాదు. కింద భాషల జాబితా ఉంది. తమిళం తర్వాత, థాయ్‌కి ముందు, తెలుగు.

నేను పగలబడి నవ్వాను. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే!

మా ముత్తాతలు రంగూన్‌లోని అహ్లోన్ రేవులో బియ్యం మిల్లుల మూటలు మొయ్యడానికి వచ్చినవాళ్లు. ఇంట్లో నానమ్మ మాట్లాడేది తెలుగే. నాకు ఆరేడేళ్లప్పుడు ఆమె నన్ను బడి దగ్గర దింపి తెలుగులో జాగ్రత్తలు చెప్తే, పిల్లలు చుట్టూ చేరి "కలా, కలా" అని గెంతారు. ఇండియావాళ్లను ఏడిపించే మాట అది. ఆ రోజు నుంచి నానమ్మ తెలుగులో అడిగితే నేను బర్మాలోనే జవాబిచ్చాను. "తిన్నావేటే గుంటా?" అంటే "సా పీబీ" అనేదాన్ని, తినేశానని. అలాగే పదిహేనేళ్లు జరిగిపోయింది.

పరీక్ష సంగతి చెప్పేసరికి ఆమె గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"మన బాసకి పరీచ్చ ఎడతారేటే? సదూకున్నోళ్లు ఎడతారా?"

"అవును నానమ్మా. పాసయితే డిగ్రీ" అన్నాను, ఎప్పట్లాగే బర్మాలో.

"ఓలమ్మ! మరి ఇన్నాళ్లూ నువ్వు మూతి ముడిసీసినావు గదే!"

సంబరం పట్టలేక ఆ ఆదివారం చర్చిలో అందరికీ చెప్పేసింది. మరుసటి రోజు నుంచి పాఠాలు మొదలు. ఆమె పాఠం ఏమిటయ్యా అంటే, వంకాయలు ముందు వేసుకుని, "ఇవి ఎలాగ కోత్తావో సెప్పు. మాటాడుతూ కొయ్యి" అనడం. నాకు ఒళ్లు మండింది.

"ఇది కూలోళ్ల తెలుగు. పరీక్షలో ఇది అడుగుతారా? నాకు మంచి తెలుగు కావాలి" అన్నాను, బర్మాలో.

మంచి తెలుగంటే మా అందరికీ తెలిసింది ఒక్కటే, చర్చిలో పాస్టరు గారు ప్రార్థన చేసే తెలుగు. ఇంకో పెద్ద తెలుగు ఉంటుందని మేం ఎరగం. తెలుగు అక్షరాలు చదవగలిగే వాళ్లు మా పేటలో ఇద్దరో ముగ్గురో. మా ఈడు వాళ్లకి ప్రార్థనలు కూడా బర్మా అక్షరాల్లో రాసి ఇచ్చేవారు. నేనైతే ఈ అక్షరాలు నేర్చుకున్నది చాలా తర్వాత, దేశం దాటాక.

"పెరటిసెట్టు మందుకి పనికిరాదంటారు, అలాగున్నాది నీ యవ్వారం" అని నానమ్మ వంకాయలు తీసేసింది. అయినా నాకు కావాల్సింది ఇచ్చింది. చిన్నప్పటి నుంచి విని విని కంఠతా పట్టిన ప్రార్థనలు రోజూ చెప్పేది, నేను బర్మా అక్షరాల్లో నోటుబుక్కు నింపేదాన్ని. గృహము, ప్రాతఃకాలము, అనుగ్రహింపుము. ఇంటి మాటలన్నిటికీ బదులు చర్చి మాటలు పెట్టుకుని నాకు నేనే వాక్యాలు తయారు చేసుకున్నాను. ఎంత గొప్పగా ఉన్నాయో అనుకుని మురిసిపోయాను కూడా.

పరీక్ష మండుటెండల్లో వచ్చింది. గదిలో ఇంకెవరూ ఉండకూడదని రూలు. నానమ్మ బయట తడక గోడకి ఆనుకుని కూర్చుంది. తడకే కదా, అటు చీమ చిటుక్కుమన్నా ఇటు వినిపిస్తుంది.

ఫోన్లో ఒకావిడ గొంతు. నున్నటి తెలుగు, నేనెప్పుడూ వినని తెలుగు.

"మీ ఇల్లెక్కడండీ? మీ ఇంటి గురించి కొంచెం చెప్పండి."

"నేను తాకేటా అను పేటయందు నా పితామహితో కూడ నివసించుచున్నాను."

"ఓ. సరే. పొద్దున్నే లేచి ఏం చేస్తారు?"

"ప్రాతఃకాలమందు మేల్కొని, దేహశుద్ధి గావించుకొని, వడలు విక్రయించుటకు ఆమెకు తోడ్పడుదును."

ఆవిడ ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. "మీరు పాస్టరు గారి అమ్మాయా ఏంటండీ? సరే, ఇది చెప్పండి. బస్సులో కండక్టరు చిల్లర ఇవ్వలేదు. నేనే కండక్టర్ని. గట్టిగా అడగండి."

"కండక్టరు గారూ, నా శేష ధనమును దయతో నాకు అనుగ్రహింపుము."

"అనుగ్రహించాలా!" అంది ఆవిడ. ఇంక ఆపుకోలేక నవ్వేసింది. ఆవిడ పక్కన ఇంకెవరో కూడా నవ్వారు. నవ్వు తగ్గాక ఆవిడే జాలిపడింది. "సారీ అండీ. భయపడకండి. ఇంట్లో మీ నాన్నమ్మగారితో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడండి, చాలు."

నోరు తెరిచాను. ఇంట్లో మా నానమ్మతో నేను మాట్లాడేది బర్మా. ఆమె తెలుగు మాట ప్రతిదీ నాకు అర్థమవుతుంది, ఒక్కటీ నా నోట రాదు. పదిహేనేళ్లుగా రానివ్వలేదు కదా. మిగతా నిమిషాలన్నీ ఊఁ, ఆఁ అంటూ గడిచాయి. ఆవిడ చాలా మర్యాదగా, "ఉంటానండీ" అని ఫోన్ పెట్టేసింది.

నానమ్మ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని లోపలికి వచ్చింది.

"అయిపోనాదేటే? ఆవిడెందుకలా నవ్వినాదీ?"

అప్పుడు తెరుచుకుంది నా నోరు. వరదలా వచ్చింది. "నవ్వరేటి మరి? నీ బాస సూసి నవ్వినారు! మూటలు మోసినోళ్ల బాస, కుక్కలు కూడా మాటాడవు! నీలాగే ఎందుకూ పనికిరాదు. నువ్వు సచ్చిపోయినా ఈ బాస నన్నొదల్దు!"

ఒక్క బర్మా ముక్క లేదు. ఒక్క చర్చి ముక్క లేదు. అరగంట పరీక్షలో రానిది అరనిమిషంలో, ఆమె యాసలో, ఆమె మీదికే వచ్చింది.

నానమ్మ గ్లాసు కింద పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఇప్పుడు బాగా మాటాడినావే గుంటా" అంది.

నాతో ఆమె మాట్లాడిన ఆఖరి తెలుగు అది. ఆ పూట అన్నం కంచం నా ముందు పెట్టి, వచ్చీరాని బర్మాలో "సా పీబీలా?" అని అడిగింది, తిన్నావా అని. అలిగింది, రేపటికి తగ్గుతుందిలే అనుకున్నాను. తగ్గలేదు.

నాలుగు రోజులకి ఫలితం వచ్చింది, ఫెయిల్. మూడు నెలల తర్వాత ఇంకోసారి రాయొచ్చన్నారు. ఈలోపు మా సందు చివరింటి అమ్మాయి పేరు వార్డు జాబితాలోకి ఎక్కింది. నాకంటే ఏడాదే చిన్నది. నాకు నిద్ర పట్టడం మానేసింది. సిగ్గు విడిచి నానమ్మ దగ్గరికే వెళ్లాను, వంకాయలు పట్టుకుని. "నేర్పు" అన్నాను.

"మతీబూ" అంది. నాకు తెలియదు అని, బర్మాలో.

బతిమాలాను, అరిచాను, ఒకరోజు తిండి మానేశాను. మతీబూ. ఆమెకు కోపమున్నట్టు కూడా కనిపించేది కాదు. నా బట్టలు ఉతికేది, తలనొప్పంటే అమృతాంజనం రాసేది, అన్నీ బర్మాలోనే.

చేసేది లేక దొంగచాటుగా నేర్చుకున్నాను. పొద్దున్నే సందు మొదట్లో వడల బండి దగ్గరికి ఆమె స్నేహితురాలొక ముసలామె వచ్చి కూర్చునేది. ఇద్దరూ తెలుగులో లోకమంతా దులిపేవారు. నేను టార్పాలిన్ వెనక పిండి రుబ్బుతూ, విన్న మాటనల్లా పెదవులతో అనుకునేదాన్ని. నానమ్మ ఆ రోజుల్లో బాగా గట్టిగా మాట్లాడేది. వంకాయలు ఎలా కొయ్యాలో, ఉప్పునీళ్లలో ఎందుకు వెయ్యాలో, కండక్టరు చిల్లర ఎగ్గొడితే ఏమనాలో, పక్కింటివాళ్లు బకెట్టు పట్టుకుపోతే ఏమని అడగాలో ముసలామెకు ఒక్కొక్కటే విడమరిచి చెప్పేది. ఆ ముసలామె నలభై ఏళ్లుగా వంకాయ కూర వండుతున్న మనిషి.

"ఓసి, నాకు సెప్తావేటే ఇయ్యన్నీ?" అని విసుక్కునేది ఆవిడ.

"ఇనుకో. నోరు మూసుకోని ఇనుకో" అనేది నానమ్మ.

ఆ మాటలు ఎవరి కోసమో నాకు అర్థం కావడానికి రెండు వారాలు పట్టింది. అర్థమయ్యాక కూడా ఆ టార్పాలిన్ పక్కకి తీసి బయటికి రావడానికి నాకు ధైర్యం చాలలేదు.

రెండో పరీక్ష వానల్లో. ఈసారి మగ గొంతు. పక్కింటామె మీ బకెట్టు తీసుకెళ్లింది, అడగండి అన్నాడాయన. నేను అడగలేదు, దులిపేశాను. "ఏటమ్మా, అడగకుండా పట్టుకెలిపోతావేటి? మా ఇంట్లో మనుసులు నేరా? బకెట్టు ఇస్తావా, నన్ను రమ్మంతావా?"

ఆయన "మీది శ్రీకాకుళమా అండీ?" అన్నాడు.

"కాదండి. తాకేటా" అన్నాను.

పన్నెండు క్రెడిట్లూ వచ్చాయి. డిగ్రీ కాగితం వచ్చింది. బ్యాంకాక్ వాళ్లు రమ్మన్నారు. పాసయ్యానని నానమ్మ ముందు నిలబడి తెలుగులో చెప్పాను, చక్కటి ఇంటి తెలుగులో. ఆమె బర్మాలో మంచిదే అని, మూకుట్లో వడ తిప్పింది.

క్షమాపణ అడగాలనే ఉంది. చర్చి తెలుగులో ఆ మాట నాకు వచ్చు, క్షమింపుము అని. ఇంటి తెలుగులో దాన్ని ఏమంటారో నాకు తెలియదు. టార్పాలిన్ వెనక కూర్చున్న ఆ మూడు నెలల్లో ఆ ఒక్క మాటా ఆమె చెప్పలేదు.

బయల్దేరే రోజు వాన కుండపోతగా కురుస్తోంది. సంచి భుజాన వేసుకుని బండి దగ్గర ఆగాను. "నానమ్మా, ఎల్లొత్తాను" అన్నాను.

"త్వా, త్వా" అంది, వెళ్లు వెళ్లు అని, బర్మాలో. తలెత్తలేదు.

నాలుగడుగులు వేశాను. వెనక ఆమె గొంతు వినిపించింది, గట్టిగా, పక్కనున్న ముసలామెతో.

"ఆ గుంట గొడుగు మర్సిపోనాది. తడిసిపోతాది. నువ్వెల్లి ఇచ్చీసిరా."

వెనక్కి వెళ్లి గొడుగు తీసుకున్నాను, ముసలామె చేతిలోంచి.