చప్పిడి గంజి

గ్రంథాలు రాద్దామనుకుని గ్రంథులు చూస్తూ బతికేసినవాణ్ణి నేను. పోర్ట్ బ్లెయిర్‌లో స్కాన్ ఫిల్ములు చూసి జబ్బేమిటో రాసే డాక్టర్ని. మా ఆసుపత్రికి సీటీ మిషన్ కొత్తగా వచ్చినప్పుడు, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఎవరో ఒకరు పడుకోవాలి కదా, నేనే పడుకున్నాను. మూత్రపిండాల మీద కూర్చున్న నా అడ్రినల్ గ్రంథులు ఆ ఫిల్ములో ముచ్చటగా వచ్చాయి. సన్నగా, రెండు పాయలుగా, డుంగీ పడవ వెళ్లాక దాని వెనక నీళ్లు చీలినట్టు. మామూలు గ్రంథి ఎలా ఉంటుందో కొత్త డాక్టర్లకు వాటితోనే చెప్పేవాణ్ణి. నా ఒళ్లు మొత్తమ్మీద ‘నార్మల్’ అని రాయదగ్గవి ఆ రెండేనని మా ఆవిడ అభిప్రాయం.

సునామీ వచ్చిన మూడో ఏడు, వండూర్ నుంచి ఒక జాలరిని అతని భార్య తీసుకొచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. అతనికి కడుపునొప్పి, వాంతులు, లేచి నిలబడితే కళ్లు తిరగడం. మనిషి బాగా నల్లబడ్డాడు. ఎండ వల్లేనని చుట్టుపక్కలవాళ్లు అన్నారట. ఎండ తగలని అరచేతి గీతలూ, చిగుళ్లూ కూడా మసి పూసినట్టున్నాయి.

“సునామీ అల లాక్కెల్లినప్పుడు కడుపునిండా ఉప్పునీరు తాగీసినాడు, డాక్టర్ సాబ్,” అందావిడ. “మా పక్క పొలాల్లో ఉప్పునీరు నిలబడిపోయి వరిచేనంతా మసైపోనాది కదా, ఈయనా అలాగే అయిపోతన్నాడు. అందుకే ఉప్పు బంద్ చేసీసినాను. ఏడాదై చప్పిడి గంజే.”

అతను స్కాన్ బల్ల మీద పడుకునే నవ్వాడు. “ఊరంతా ఉప్పునీట్లో ములిగిపోనాది భయ్యా, మా ఇంట్లోనే ఉప్పురాయి కనబడదు. దొంగతనంగా ఎండుచేప నాకితే అదీ లాగీసుకుంటాది.”

“ఊరుకో! నా కోసమా నాను చేస్తన్నాది?” అని కసిరిందావిడ.

నేనూ నవ్వాను. తెర మీద అతని గ్రంథులు కనబడేదాకా నవ్వాను.

సన్నటి పాయలు లేవు. రెండువైపులా ఉబ్బి ముద్దలైపోయాయి. ముద్దల నడుమ చచ్చిన భాగం నల్లగా, అక్కడక్కడా సున్నం తెల్లటి చుక్కలుగా. క్షయ. ఒంట్లో ఉప్పును పట్టి ఉంచే హార్మోన్లను తయారుచేసేవి ఆ గ్రంథులే. అవి పాడైతే ఉప్పంతా మూత్రంలో పోతుంది, రక్తపోటు పడిపోతుంది, చర్మం నల్లబడుతుంది. ఎండుచేప నాకాలనిపిస్తుంది.

వార్డు డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. అంటే, నా పొట్ట పరిగెత్తనిచ్చినంత. సెలైన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. సాయంత్రానికి అతను కాస్త తేరుకుని గంజి అడిగాడు. ఉప్పు వేసి ఇమ్మన్నాను. ఆవిడ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది.

“ఉప్పా? పక్కాగా చెప్తన్నారా?”

“పక్కా, దీదీ.”

పక్క మంచం వాళ్లనడిగి చిటికెడు తెచ్చి వేసింది. అతను ఒక గుక్క తాగి, “ఇంకొంచెం ఎయ్యే, కంజూస్,” అన్నాడు. ఆవిడ వేసింది. గ్లాసు అడుగున మిగిలింది వేలితో తుడుచుకుని నాకాడు.

మర్నాడు జ్వరం ముంచుకొచ్చింది. బీపీ మళ్లీ పడిపోయింది, ఏ మందుకూ లేవలేదు. మధ్యాహ్నానికి పోయాడు.

కర్మకాండ అయ్యాక ఆవిడ ఒక్కతే నా గదికొచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“ఉప్పు ఆపీసి నానే చంపీసినానా?”

లైటు పెట్టె మీద రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టాను. “ఇది మామూలు గ్రంథి. ఇది ఆయనది. దీన్ని క్షయ తినేసింది. మీరు ఉప్పు పెట్టినా, మందు లేకుండా మనిషి నిలబడడు.”

“ఉప్పుంటే ఇంకొన్నాళ్లు ఉండునా?”

ఇలాంటి చోట అక్కరకొచ్చే చమత్కారమేదీ నా దగ్గర లేదు. “ఉండేవాడేమో,” అన్నాను.

తలాడించింది. మొదటి ఫిల్ము దగ్గరికెళ్లి నిలబడింది.

“ఇది ఎవులిది?”

“నాదే.”

“ఎంత సన్నంగా ఉన్నాయో,” అంది. ఆ పాయల మీద వేలు పెట్టబోయి, తీసేసుకుంది.

లైటు ఆపి రెండూ కవర్లో పెట్టబోతుంటే చెయ్యి చాచింది.

“మీది మీకాడే ఉంచుకోండి, డాక్టర్ సాబ్. ఆయనది నాకిచ్చీండి.”